చిన్న బిళ్లే తీసుకో

చొక్కా గుండీకి తమ్ముడిలాంటి ఒక వెండి బిళ్ల ఒకే శుక్రవారం నాడు ఒక కొత్త సంసారాన్నీ, ఒక పెద్దమనిషి ఏళ్లనాటి కోరికనూ, ఒక కంపెనీ బస్సునూ, ఒక పిండి జల్లెడనూ ఎలా తిప్పలు పెట్టిందో చెబుతాను, వినండి. ఈ కథలో నాకు తెలివి ప్రదర్శించే అవకాశాలు చాలా వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు.

నా పేరు ఖలీల్. ఊరు బోధన్. అప్పట్లో దోహాలో ఒక కంపెనీ స్టోర్‌కీపర్‌ని, అల్ దోహా అల్ జదీదాలో కాపురం. మా చిన్నాయన ఫోన్ చేసినప్పుడల్లా "దుబాయ్‌ల ఎండ ఎట్లున్నది?" అని అడిగేవాడు. ఇది ఖతర్ అని కొన్నాళ్లు చెప్పి, తర్వాత ఊరుకుని, దుబాయ్ ఎండే చెప్పేవాణ్ణి. పెళ్లయి ఏడాది తిరగలేదు. నస్రీన్ కొత్తగా వచ్చింది. ఇంట్లో మామూలు మాటలన్నీ ఉర్దూలో నడిచేవి గానీ, కోపం వస్తే ఆమె తెలుగులోకి దిగేది. ఉర్దూలో ఎంత తిట్టినా సన్మానం చేసినట్టే ఉంటుందని ఆమె బాధ. ఈ కథలో ఆమె తెలుగు ఎందుకు ఎక్కువ వినబడుతుందో ఇక మీకు వేరే చెప్పనక్కర్లేదు.

నాకు ఒక పిచ్చి ఉండేది. పాత అమెరికా వెండి నాణేల పిచ్చి. పెద్దవి కాదండోయ్, అంత స్తోమత ఎక్కడిది? హాఫ్ డైమ్ అని అయిదు సెంట్ల బిళ్ల ఒకటి ఉండేది, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. అందులోనూ ప్రూఫ్ బిళ్లలే కావాలి నాకు. ప్రూఫ్ అంటే బజారులో చెల్లడానికి కొట్టింది కాదు. అచ్చును అద్దంలా మెరుగు పెట్టి, ఒక్కోదాన్నీ ఓపికగా, కేవలం చూసి మురవడానికి కొట్టింది. ఒకవైపు బండ మీద కూర్చున్న ఆడమనిషి, రెండోవైపు ఆకుల దండ. నూటయాభై ఏళ్లు గడిచేసరికి ఆ అద్దం మీద నీలమూ ఊదా కలిసిన ఒక పొర కడుతుంది. తెలియనివాడికి అది మసి. తెలిసినవాడికి అదే ప్రాణం. దాన్ని తుడవకూడదు, కడగకూడదు, వేలితో ముఖం ముట్టకూడదు, అంచులు పట్టుకొని ఊపిరి బిగబట్టి చూడాలి.

ఈ ఉపన్యాసం నేను మా స్టోర్‌లో నేపాలీ హెల్పర్‌కు ఇచ్చాను. బక్కాలాలో పాలు కొంటూ మలయాళీ కొట్టువాడికి ఇచ్చాను. పళ్లు పీకించుకోవడానికి పోయి, నోట్లో దూది పెట్టుకొని డాక్టరుకు కూడా ఇచ్చాను. నస్రీన్‌కు మాత్రం ఇవ్వలేదు. కొత్త పెళ్లాం కదా, "వీటికెంత పెట్టిన్రు?" అని అడిగితే ఏం చెప్పను? అందుకని నా దగ్గరున్న గుప్పెడు బిళ్లలనూ చలికోటు జేబులో దాచాను. దోహాలో చలికోటు తీసే రోజులు ఏడాదికి ఎన్నుంటాయి చెప్పండి.

ఈ పిచ్చి నాకు అంటించిన గురువు మొయిన్ చిచ్చా. హైదరాబాదీ సయ్యద్, పెద్దవయసు. ఉమ్ సలాల్‌లో ఒక తోట లెక్కలు చూస్తూ, ఆ తోటలోనే చిన్న గదిలో ఉండేవాడు. నేను మొదటిసారి ఖతర్‌లో దిగి, చెప్పిన ఉద్యోగం ఒకటైతే చూపించిన ఉద్యోగం మరొకటై, బిక్కముఖం వేసుకొని తిరుగుతున్నప్పుడు, నన్ను తన గదిలో పెట్టుకొని అన్నం పెట్టి, ఈ కంపెనీలో చేర్పించినవాడు ఆయనే. ఆయన దగ్గర వరసగా హాఫ్ డైమ్ ప్రూఫ్‌లు గుచ్చిన నల్లటి అట్ట ఒకటి ఉండేది. అన్ని గుంటల్లో బిళ్లలు ఉన్నాయి. ఒక్క గుంట ఖాళీ. ఆ ఒక్క సంవత్సరం బిళ్ల ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. ఆ ఖాళీ గుంటను చూపుడు వేలితో తడుముతూ, "బేటా, పన్ను ఊడిన జాగలకే నాలిక పోతది" అనేవాడు.

ఆయన కళ్లు మసకబారుతున్నాయి. పని మానేసి హైదరాబాద్‌కు శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు, ఆ వచ్చే వారమే ప్రయాణం. నేను రహస్యంగా వెతికి, వెతికి, ఎక్కడో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆ సంవత్సరం బిళ్లను సంపాదించాను. అది ఎలా తెప్పించానో, ఎన్ని నెలలు టీ మానేశానో ఆ దేవుడికి తెలుసు. చిచ్చా కళ్లు పూర్తిగా మసకబారకముందు ఆ గుంట నిండాలి, ఆ అట్టను నిండుగా ఆయన ఒక్కసారైనా చూడాలి. నా జీవితంలో నేను కోరిన మంచి కోరిక అదొక్కటే.

సరిగ్గా అప్పుడే కంపెనీ నన్ను రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షట్‌డౌన్ మరమ్మతు పనికి వేసింది. కొన్ని వారాలు అక్కడి క్యాంప్‌లోనే ఉండాలి. ఉమ్ సలాల్ ఆ దారిలోనే. బస్సు డ్రైవరును బతిమాలాను: "పొద్దున నన్ను ఉమ్ సలాల్‌లో దించు, సాయంత్రం రెండో ట్రిప్పులో ఎక్కించు." సరేనన్నాడు.

శుక్రవారం పొద్దున బిళ్లను దాని ప్లాస్టిక్ కవరులోంచి తీసి, కడసారి చూపుగా, టేబుల్ మీద కాగితం రుమాలు పరిచి పెట్టుకున్నాను. కానుక కాబట్టి కాస్త దర్జాగా ఉండాలని నస్రీన్ చెవికమ్మల డబ్బా ఒకటి, మఖ్మల్ గుడ్డ వేసింది, ఖాళీ చేసి పక్కన పెట్టాను. ఇంతలో ఫోను మోగింది. క్యాంప్‌లో ఎవరెవరికి ఏ గది అని గ్రూపులో పెద్ద గొడవ. నేను అందులో మునిగాను.

నస్రీన్ సూదీ దారం పట్టుకొని వచ్చింది. మా వాళ్లలో ప్రయాణం పోయేవాడి కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కడతారు. గుడ్డపేలికలో ఒక నాణెం పెట్టి కుట్టి కట్టడం. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణేన్ని పేదవాడికి ఇచ్చెయ్యాలి. ముడుపు అనుకోండి, కాకపోతే దేవుడి గుడిదాకా పోకుండా మనిషి చేతికే చేరుతుంది.

"రాస్ లఫాన్‌కు ఇమామ్ జామిన్ ఏంది నస్రీన్? గంట తొవ్వ. మక్కా పోతున్ననా?" అన్నాను, ఫోను మీద నుంచి కళ్లు తీయకుండా.

"గంటైతేంది, పూటైతేంది? నన్ను ఒక్కదాన్ని ఇడిచి పోతున్నరు కదా. చిల్లర ఉన్నదా?"

"టేబుల్ మీద ఉన్నది చూడు."

"రెండు బిళ్లలున్నయి. చిన్నది తీస్కుంటున్న. పెద్దది పెడితె షర్టు చేయికాడ ఉబ్బుతదని మల్ల లొల్లి జేస్తరు."

"చిన్న బిళ్లే తీసుకో."

నా నోటితోనే అన్నాను. ఎవరి మీదా నింద వేయడానికి లేదు. ఆమె నా పక్కనే కూర్చొని, నా కళ్ల ముందే, నా కోరికను గుడ్డలో పెట్టి, నాలుగువైపులా కుట్టి, నా జబ్బకే కట్టింది. నేను చెయ్యి కూడా ఎత్తి ఇచ్చాను, సూది వేయించుకునే పిల్లాడిలా. కింద బస్సు హారన్ కొట్టింది. యల్లా యల్లా అంటూ డ్రైవరు అరుపు. నేను కమ్మల డబ్బాను టక్కున మూసి, జేబులో వేసుకొని పరుగెత్తాను. బిళ్లను అందులో పెట్టాననే నా నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, దారి పొడుగునా ఆ డబ్బాను నిమురుతూనే ఉన్నాను.

ఉమ్ సలాల్‌లో తోట గేటు దగ్గర లచ్చన్న ఎదురొచ్చాడు. జగిత్యాల దిక్కు మనిషి. ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టేది, మేకలను చూసేది, చిచ్చాకు రొట్టెలు చేసి పెట్టేది అన్నీ ఆయనే.

చిచ్చా గదిలో సామాను సగం కట్టేసి ఉంది. నల్ల అట్ట మాత్రం చాప మీద పరిచి ఉంది.

"చిచ్చా, కళ్లద్దాలు పెట్టుకోండి. భూతద్దం కూడా తీయండి" అన్నాను, పెళ్లికొడుకు గొంతుతో.

ఆయన అద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. నేను డబ్బాను ఆయన ముందు పెట్టి, ఆయన ముఖాన్నే చూస్తూ మూత తెరిచాను.

చిచ్చా భూతద్దం దగ్గరికి తెచ్చాడు. దూరం జరిపాడు. మళ్లీ దగ్గరికి తెచ్చాడు. "మంచిగున్నది బేటా మఖ్మల్" అన్నాడు మర్యాదగా.

చూశాను. నిజమే, మఖ్మల్ చాలా బాగుంది. దాని మీద ఏమీ లేదు.

ఆ తర్వాత గంటసేపు నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. జేబులు బోర్లించాను. బూట్లు దులిపాను. సాక్సులు తిరగేశాను. డ్రైవరుకు ఫోన్ చేసి, నడుస్తున్న బస్సును ఆపి సీట్ల కింద చూడమన్నాను. అతడు హిందీలో చెప్పిన జవాబు ఇక్కడ రాయను. లచ్చన్న పాపం, విషయం ఏమిటని కూడా పూర్తిగా అడగలేదు. పిండి జల్లెడ తెచ్చి, గేటు నుంచి గది దాకా నేను నడిచిన ఇసుకంతా జల్లెడ పట్టాడు. రెండు మేకలు ఆయన వెనకే నడిచాయి.

"గోలీలు దొరికినయి సారూ, ఒక బోల్టు దొరికింది. ఎండి బిళ్లయితే లేదు."

చివరికి నస్రీన్‌కు ఫోన్ చేశాను. గొంతు పెంచే చేశాను. "టేబుల్ మీద నా డబ్బా ఎవరు ముట్టిన్రు?"

"నీ డబ్బానా?" తెలుగు మొదలైంది, మీరు కాస్తా నీ అయింది. "నా కమ్మల డబ్బా అది! కమ్మలు ఫ్రిజ్ మీద పడేసి పోయినవు, నేనింక అడగనే లేదు!"

"అది కాదు. అందులో చిచ్చా వస్తువు ఒకటి ఉండె. చిన్న వెండి బిళ్ల."

చూశారా, "నాది" అనలేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే తర్వాతి ఘోరం తప్పేది.

నస్రీన్ మెల్లగా అడిగింది: "ఇప్పుడు ఫోను ఏ చేత్తోని పట్టుకున్నవు?"

"కుడి చేత్తో. ఎందుకు?"

"జర పైకి చూస్కో."

చూసుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అని సామెత. నా పిల్ల చంకకు బెత్తెడు దూరంలో కట్టేసి ఉంది, ముడి కూడా గట్టిగానే ఉంది. నూటయాభై ఏళ్లు మనిషి వేలు తగలని ప్రూఫ్ బిళ్ల మే నెల ఎండలో, నా చెమటలో, ఎర్ర గుడ్డలో ఊరుతోంది.

పళ్లతో పీకి, దారం తెంపి, బిళ్లను రుమాలు మీద పెట్టాను. అల్లా దయ, ఆ నీలం పొర అలాగే ఉంది. ఆనందంతో నాకు ఏడుపు వచ్చింది. "తీసుకోండి చిచ్చా! మీ ఖాళీ గుంట ఇక ఉండదు!"

చిచ్చా భూతద్దం పెట్టి బిళ్లను వంగి చూశాడు. సంవత్సరం చదివాడు. చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి సగంలో ఆగి, నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది.

"ఇది ఇమామ్ జామిన్ల కట్టిన్రు కదా బేటా?"

"అవును, పొరపాటున..."

"అంటే సద్కా. దానం సొమ్ము. నేను సయ్యద్‌ని. సద్కా నాకు చెల్లదు."

నెత్తిన పిడుగు పడినట్టయింది. సయ్యద్‌లు ప్రవక్త వంశంవాళ్లు, దానం పట్టరన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి ఏం లాభం?

"చిచ్చా, నేనింకా రాస్ లఫాన్ చేరనే లేదు! ప్రయాణం పూర్తి కాలేదు కదా!"

"నియ్యత్ ఐపోయింది కదా, ఇస్తమని మనసుల అనుకున్నరు."

"నస్రీన్‌కు తెలియక కట్టింది!"

"అల్లాకు తెలుసు కదా."

"దీనికి బదులు వేరే నాణెం ఇచ్చేస్తాను. రెండు ఇస్తాను!"

"అది నీకు నడుస్తదేమో, నాకు తెల్వది. నేను కండ్లతోని చూసినంక చెయ్యి పట్టలేను బేటా." అని అట్టను మూయబోయి, ఆగి, మళ్లీ తెరిచి ఆ గుంటను చూశాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

అట్ట పక్కన పెట్టి ఆయనే అన్నాడు: "ఒక తొవ్వ ఉన్నది. హక్కున్నోనికి ఇచ్చెయ్యి. అతను తన ఇష్టంతోని నాకిస్తే, అది కానుక. కానుక తీస్కోవచ్చు."

నేను తల తిప్పాను. గుమ్మంలో జల్లెడ పట్టుకొని లచ్చన్న నిలబడి ఉన్నాడు. వెళ్లి ఆయన అరచేతిలో బిళ్ల పెట్టాను.

"నాకెందుకు సారూ?"

"ప్రయాణం మంచిగ జరిగితే ఇస్తాం లచ్చన్నా. మీ ముడుపు లాంటిది."

"గట్లనా" అని బిళ్లను వెలుగుకు పట్టి చూశాడు. కూర్చున్న ఆడమనిషి కనబడింది. లచ్చన్న జల్లెడ కింద పెట్టేశాడు. బిళ్లను రెండు కళ్లకూ అద్దుకున్నాడు. "అమ్మవారు! సుక్రారం నాడు ఇంటికొచ్చింది!"

"అవునవును, అమ్మవారే. ఇక చిచ్చాకు ఇచ్చెయ్యి, నీ ఇష్టపూర్తిగా."

"ఇయ్యాల్నా?"

"ఇప్పుడే."

లచ్చన్న నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "సుక్రారం లచ్చిమిని బయటికి పంపుతరా సారూ? ఎవలన్న జేస్తరా గా పని? రేపిస్త. పెద్దసారుకు ఇయ్యనా మరి? నా పానం బాలేనప్పుడు రాత్రంత కూసున్న మనిషి. తప్పకుంట ఇస్త. గని ఇయ్యాల గాదు."

నా బస్సు సాయంత్రమే. బతిమాలాను, గడియారం చూపించాను. చిచ్చా నవ్వడం మొదలుపెట్టాడు. "గుంజుకుంటే కానుక ఎట్లైతది ఖలీల్? ఇన్నేండ్లు ఆగిన, ఒక్క రోజు ఆగలేనా?" అన్నాడు. రోడ్డు మీద హారన్ మోగింది. డ్రైవరు పొద్దుటి కోపమంతా ఆ హారన్‌లోనే వినిపించాడు. నేను పరుగెత్తుతూ వెనక్కి తిరిగి, "లచ్చన్నా, జాగ్రత్త!" అని మాత్రం అరిచాను. దేని గురించి జాగ్రత్తో చెప్పలేదు. పళ్ల డాక్టరు దగ్గర కూడా అప్పజెప్పిన ఉపన్యాసం, అవసరమైన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, గుర్తే రాలేదు.

శనివారం మధ్యాహ్నం క్యాంప్ మెస్‌లో అన్నం ముందు కూర్చుంటే వీడియో కాల్ వచ్చింది. తెరనిండా లచ్చన్న ముఖం, వెలిగిపోతోంది.

"ఇచ్చిన సారూ! పెద్దసారుకు ఇచ్చిన! గంత నల్లగున్న అమ్మవారిని ఎట్లిస్తరని, పొద్దుగాల్నే చింతపండు బెట్టి, అరబ్బోళ్లు కూసునే మజ్లిస్ బొగ్గుల బూడిదతోని మంచిగ తోమిన. మా అమ్మ ఎండి కుంకుమ బరిణె గట్లనే తోమేది. జూడున్రి ఎట్ల మెరుస్తున్నదో!"

ఫోను అట్ట వైపు తిరిగింది. నీలంగా, ఊదాగా, హుందాగా కూర్చున్న బిళ్లల వరసలో ఒకటి మాత్రం కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. దాని మధ్యలో పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు.

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. చిచ్చా ముఖం తెర మీదికి వచ్చింది. నా ముఖం చూసి, కళ్లతోనే నోరు మూసుకొమ్మని సైగ చేశాడు. లచ్చన్న పక్కనే ఉన్నాడు మరి.

"మస్తున్నది కదా ఖలీల్?" అన్నాడు. "మిగతా ఆడోళ్లంత ఎన్నేండ్ల సందో తానం లేక కూసున్నరు. ఈమె ఒక్కతే తలకు పోస్కున్నది." తర్వాత గొంతు తగ్గించి, "ఆ తళతళ నాకు అద్దాలు లేకున్నా కనిపిస్తది బేటా. మిగతావి ఇప్పుడు నాకు భూతద్దం పెట్టకుంటె అన్నీ ఒకటే నలుపు" అన్నాడు. గుంట నిండింది. ఆయన కళ్లు కూడా నిండాయి. నేను మెస్‌లో అందరి ముందూ ముక్కు చీదుకున్నాను, పచ్చడి కారమని చెప్పి.

కథ ఇక్కడ ఆగిపోతే నేను బాగుపడేవాణ్ణి.

చిచ్చా మంచి మనిషి. ఆ సాయంత్రం నస్రీన్‌కు కూడా ఫోన్ చేశాడట. కొత్త పిల్ల, తన వల్లే పెద్దాయన వస్తువు చెడిందని బాధపడుతుందేమోనని, "బేటీ, నీ పుణ్యమా అని నా అట్ట నిండింది. తోమినంక ఎంత సక్కగున్నదో!" అని మురిసిపోతూ చెప్పాడట.

షట్‌డౌన్ ముగిసి ఇంటికి వచ్చేసరికి నస్రీన్ తలుపు దగ్గరే ఎదురైంది, నవ్వుతూ, ఉర్దూలో. ఇంత తీయటి ఉర్దూ పెళ్లి రోజు తర్వాత మళ్లీ వినలేదు. కళ్లు మూసుకోమంది. చెయ్యి పట్టి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. తెరవమంది.

తెల్ల పింగాణీ పళ్లెంలో నా గుప్పెడు బిళ్లలూ ఉన్నాయి. చలికోటును ఎండలో వేద్దామని తీస్తే జేబులో దొరికాయట.

"మీరు గూడ చిచ్చా లెక్కనే జమ చేస్తున్నరని నాకు చెప్పనే లేదు!" అంది ముద్దుగా. "చిచ్చా అంత మురిసిండు కదా అని మీవి గూడ తోమిన. చింతపండు ఐపోయింది. టూత్‌పేస్ట్ వేసి, పాత బ్రష్‌తోని రుద్దిన. చేతులు గుంజినయి తెలుసా!"

పళ్లెం మిలమిలా మెరిసింది. వరసగా కూర్చున్న ఆడవాళ్లు, ముక్కూ ముఖమూ అరిగి, పుదీనా వాసనతో నన్ను చూశారు.

"ఎట్లున్నయి?" అంది.

ఆమె వేళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "మస్తున్నయి" అన్నాను. ఇంకేమంటాను?

అందుకని చదువరుల సమక్షంలో, కుడి జబ్బ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక నా బొందిలో ప్రాణం ఉండగా కట్టుకున్న భార్య దగ్గర ఏ బిళ్లనూ దాచను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని దాచినా, పక్కన "తోమవద్దు" అని పెద్దక్షరాలతో రాసి మరీ దాస్తాను.